మాటిచ్చిన కోచ్

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చేపల పులుసుతో అన్నాలు తిని, ఆ టేబులే తుడిచి, దాని మీద ఆరన్ చేత సంతకం పెట్టించారు. నార్త్‌గేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో చేరతానని ఆ సంతకం. పెట్టించినవాడు శేషగిరి, ఆ జట్టుకు అసిస్టెంట్ కోచ్. "నాలుగేళ్ళూ నేనుంటాను అక్కా, వాణ్ణి నాకు వదిలెయ్యండి" అని ఆరన్ తల్లి జ్ఞానవతికి మాటిచ్చిందీ అతనే. కెనడా పడమటి వైపున్న కాల్గరీలోని ఇంకో జట్టు రమ్మని పిలుస్తుంటే, అంత దూరం ఎందుకు, వాళ్ళుండే కేంబ్రిడ్జ్ నుంచి గంటన్నరలో వచ్చిపోయే నార్త్‌గేటే మంచిదని ఆ ఇంటిల్లిపాదినీ ఒప్పించిందీ అతనే. మార్చి సగం కాకుండానే ఆ శేషగిరి ఉద్యోగం మానేశాడు. వెళ్ళేది కూడా ఆ కాల్గరీ జట్టుకే. ఆరన్ ఆ వార్త ఫోన్‌లో చూసి, ఫోన్ తల్లి చేతికిచ్చాడు.

ఇచ్చి వాడు ఒకే ఒక్క మాట అన్నాడు. "ఇట్స్ ఫైన్, మామ్."

ఆ తర్వాత వారమంతా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆరన్ ఎప్పటిలాగే పొద్దున్నే లేచి, గిన్నెడు అన్నంలో గుడ్లు కలుపుకుని తిని, స్కూల్‌కి వెళ్ళి, సాయంత్రం బరువులెత్తి ఇంటికొచ్చేవాడు. పద్దెనిమిదేళ్ళకే గుమ్మంలో తల వంచి నడిచే మనిషి వాడు. వాడాడే ఫుట్‌బాల్ కాళ్ళతో తన్నే ఆట కాదు. తలకు హెల్మెట్, భుజాలకు దిండ్లు కట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే ఆట. అందులోనూ బంతి వాడి చేతికి రాదు. బంతి పట్టుకున్నవాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డం నిలబడడమే వాడి పని. "మరి మైకులో నీ పేరు ఎప్పుడు చెప్తార్రా?" అని జ్ఞానవతి ఒకసారి అడిగితే, "తప్పు చేస్తేనే చెప్తారు మామ్" అని నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు లేదు. పోనీ కోపమైనా లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి అనొచ్చు, ఓదార్చొచ్చు. ఇట్స్ ఫైన్ అనేవాణ్ణి ఏమని ఓదార్చాలో ఆమెకు తోచలేదు.

ఆమె భర్త ఎలియాజరుది కారు విడిభాగాల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. వార్త విన్న రోజు అతను అన్నం కంచం పక్కకి జరిపాడు. "ఆ మనిషి మనింట్లో ప్రార్థనలో మోకరించాడు," అన్నాడు. "ఇంక నా ఎదట పడొద్దని చెప్పు." నర్సాపురంలో పెళ్ళయిన నాటి నుంచీ అతను కోపంగా అన్న మాటలు ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. అందులో ఇదొకటి.

బేస్‌మెంట్లో అద్దెకుండే నిఖిల ఒకరోజు బట్టలు ఉతుక్కోవడానికి పైకొచ్చి సంగతంతా విన్నది. జగిత్యాల నుంచి వచ్చిన పిల్ల. కాలేజీలో చదువుతూ వేర్‌హౌస్‌లో పనిచేస్తుంది. ఆ ఏడాది కేంబ్రిడ్జ్‌లో ఏ బేస్‌మెంట్ మెట్లు దిగినా తెలుగే వినపడేది. చర్చిలో కుర్చీలు చాలక పిల్లలు గోడలకి ఆనుకుని నిలబడేవాళ్ళు.

"మా కన్సల్టెన్సీ సారు గూడ గిట్లనే ఆంటీ," అంది నిఖిల, తడిబట్టలు డ్రయ్యర్‌లో వేస్తూ. "వీసా వచ్చేదాంక రోజూ ఫోన్ చేసేటోడు. తిన్నవా బిడ్డా అని అడిగేటోడు. ఈడ దిగినంక ఒక్కసారి గూడ ఎత్తలే."

"మరి నువ్వేం చేశావమ్మా?"

"ఏం జేస్త ఆంటీ. కొన్నిరోజులు ఏడ్సిన. తర్వాత కాలేజీకి పోవుడు మొదలువెట్టిన."

ఆ పిల్ల అది చెప్పిన తీరులో బాధ కూడా అరిగిపోయి ఉంది.

శేషగిరి నుంచి మెసేజ్ వచ్చింది గురువారం. ఒకసారి కలవాలి అక్కా, ఎక్కడ రమ్మంటే అక్కడికి వస్తాను అని. ఇంటికి రమ్మనడానికి ఆమెకు మనసొప్పలేదు, ఎలియాజరు అన్న మాట ఒకటుంది కదా. శుక్రవారం మధ్యాహ్నం ట్రిప్పు అయిపోయాక బస్ యార్డుకి రమ్మంది.

జ్ఞానవతి స్కూల్ బస్సు నడుపుతుంది. ఆ శుక్రవారం మంచు సగం కరిగి రోడ్లన్నీ బూడిదరంగు బురదగా ఉన్నాయి. పిల్లలందర్నీ దింపి, యార్డులో బస్సు ఆపి, ఎవరైనా నిద్రపోయి మిగిలిపోయారేమోనని అలవాటు ప్రకారం చివరి సీటు దాకా చూసుకుంటూ వెళ్ళింది. చీపురు పట్టుకుని వెనక్కి తిరిగేసరికి మెట్ల దగ్గర శేషగిరి నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఒకప్పుడు తనూ ఆరన్ ఆడే చోటే ఆడినవాడు. చిన్నపిల్లల కోసం కట్టిన ఆ బస్సులో తల వంచుకునే లోపలికి వచ్చాడు.

"కూర్చోండి," అంది ఆమె.

అతను ఆమె మొహం కేసి చూశాడు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆంటీ అన్నాడు, రెండోసారికి అక్కా అన్నాడు. నన్ను మీరు అనకండక్కా, మా అమ్మ వింటే నవ్వుతుంది అని అతనే అడిగి నువ్వు అనిపించుకున్నాడు. ఆ నువ్వు ఇవాళ పోయిందని అతనికి అర్థమైంది. ముందు సీట్లో ఇరుక్కుని, మోకాళ్ళు నడవలోకి పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్క వరుసలో కూర్చుంది. చీపురు చేతిలోనే ఉంది.

"సారీ చెప్పడానికి వచ్చాను అక్కా."

"చెప్దురుగాని. ముందు ఒకటి అడుగుతాను. ఆ ఆదివారం మా టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు మీరు వెళ్తారని మీకు తెలుసా?"

బయట ఇంకో బస్సు వచ్చి ఆగింది. దాని ఇంజన్ ఆగాక అతను చెప్పాడు.

"ఇంటర్‌వ్యూ అయిపోయింది అప్పటికే. ఇస్తారో లేదో తెలీదు. కానీ ఇస్తే వెళ్తానని తెలుసు."

అబద్ధం చెప్తాడనే ఆమె అనుకుంది. చెప్పి ఉంటే గట్టిగా నాలుగు మాటలని లేచి వెళ్ళిపోయేది. వారం రోజులుగా కూడబెట్టుకున్న మాటలు ఇప్పుడు ఎటూ పనికిరాకుండా పోయాయి.

"మాటెందుకిచ్చారు మరి?"

"అందరికీ ఇస్తాం అక్కా. అదే మా పని. అసిస్టెంట్ కోచ్‌కి కాంట్రాక్ట్ ఏడాదికే. నేను ఎంతమంది పిల్లల చేత సైన్ చేయించాననేదే చూస్తారు. నేను వెళ్ళిపోతానేమో అని ముందే చెప్తే ఒక్కరూ సైన్ చెయ్యరు. ఆ కాల్గరీ జాబ్ రాకపోతే నాకు ఇదీ ఉండదు." అతను అద్దంలోంచి బయటికి చూశాడు. "మా ఆవిడ స్వీటీ అక్కడ హాస్పిటల్లో నర్సు. తన జాబ్ వదలడానికి లేదు. నేను ఇక్కడ అద్దె గదిలో. పాపకి రెండేళ్ళు వస్తున్నాయి. క్రిస్మస్‌కి వెళ్తే, నేను ఎదురుగా కూర్చుని ఉంటే కూడా పాప స్వీటీ ఫోన్ తీసుకుని దాంట్లోకి చూసి డాడీ అంటుంది. నేను ఫోన్లో ఉంటాననుకుంటుంది అది."

జ్ఞానవతి చీపురు సీటుకి ఆనించి పెట్టింది. ఆమెకు కోపం తగ్గలేదు. కాకపోతే అది ఇంతసేపూ నిలబడిన చోటు కాస్త జారింది.

"మీ పాప దగ్గరికి మీరు వెళ్ళాలి. వద్దంటే నేను మనిషినే కాను. కానీ అదే కాల్గరీకి మా వాణ్ణి వద్దన్నారు కదండీ. అక్కడి కోచ్‌లు ఉంటారో పోతారో తెలీదు అన్నారు. మా ఆయన రెండు మూడుసార్లు అడిగాడు. వాడికీ అటే ఉందేమో అని. మీరే సర్దిచెప్పారు."

"అన్నాను."

"వాడిప్పుడు ఎవర్ని నమ్మి వెళ్ళాలి నార్త్‌గేట్‌కి?"

శేషగిరి టోపీ తీసి చేతిలో నలిపాడు. "నార్త్‌గేట్‌లో నా చోటుకి కొత్తాయన వచ్చేశాడు. వచ్చేవాడెప్పుడూ తన పిల్లల్ని తను తెచ్చుకుంటాడు అక్కా. సంతకం పెట్టినవాణ్ణి పొమ్మనకూడదు, రూల్ ఉంది. అందుకని ఎవరూ పొమ్మనరు. హెడ్ కోచ్ ఇంటికి ఫోన్ చేసి, పిల్లాడితో కాదు, పేరెంట్స్‌తో మాట్లాడతాడు. మీ అబ్బాయికి ఇంకోచోట బాగుంటుందేమో ఆలోచించండి అంటాడు. చాలా మర్యాదగా అంటాడు. నేను విన్నాను, ఆ రూమ్‌లో కూర్చుని. అలాంటి ఫోన్ మీకు వస్తుందని నేననడం లేదు. వస్తే మాత్రం వెంటనే ఒప్పుకోవద్దు. అది చెప్పాలని వచ్చాను."

"అంటే, వాణ్ణి అక్కడ పెట్టి మీరు పోతున్నారు. మళ్ళీ జాగ్రత్త అని మీరే చెప్తున్నారు."

"అవును."

"కాస్త ముందు చెప్పి ఉండాల్సింది, శేషగిరి గారూ. మాకు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట."

అతను టోపీ కేసే చూశాడు. చెప్పకూడదనుకున్నది చెప్పబోయే మనిషి మొహం అది.

"చెప్పాను అక్కా," అన్నాడు.

"ఎవరికి?"

"ఆరన్‌కి."

ఆమెకు సరిగా వినపడలేదేమో అనిపించింది.

"సంతకానికి ముందు శుక్రవారం. వాడి స్కూల్ పార్కింగ్‌లో. మిగతా పిల్లల్లో ఎవరికీ చెప్పలేదు. వాడికి చెప్పకుండా ఉండలేకపోయాను. నేను ఉండకపోవచ్చు, సంతకం పెట్టొద్దు, రెండు వారాలు ఆగు, కాల్గరీ వాళ్ళు నీకోసం చోటు అట్టే పెట్టారు, నేను అక్కడికి వెళ్తే నువ్వూ రా అన్నాను. అంతా విన్నాడు. విని, కోచ్, ఆదివారం అన్నానికి రండి, మా అమ్మ చేపల పులుసు చేస్తోంది, నేను సైన్ చేస్తాను, మీరు మావాళ్ళకి ఈ సంగతి చెప్పొద్దు అన్నాడు."

యార్డులో ఎవరో డ్రైవర్ ఇంకో డ్రైవర్‌ని పేరు పెట్టి పిలిచాడు. జ్ఞానవతి ఆ గొంతు వింటూ ఉండిపోయింది. వారం రోజులుగా తన కొడుకుని మోసం చేశారని ఏడుస్తోంది తను. మోసపోయినవాడికి అన్నీ తెలుసు. తెలిసే తన ఎదురుగా కూర్చుని, పెన్ను అందుకుని, తలొంచుకుని పేరు రాశాడు.

"ఎందుకు?" అంది.

"అది వాడే చెప్పాలి మీకు."

"మీరు చెప్పండి. వాడు ఇట్స్ ఫైన్ అంటాడు."

శేషగిరి ఒక నిట్టూర్పు విడిచాడు. "క్రిస్మస్ ముందు మీరు ఫోన్‌లో మీ చెల్లెలితో మాట్లాడుతుంటే విన్నాడట. వాడు కాల్గరీ వెళ్ళిపోతే నేను ఈ ఇంట్లో బతకలేనే అన్నారట. నాతో ఒకటే అన్నాడు. శనివారం ఇంటికి రాగలిగినంత దూరంలోనే ఉంటాను, కోచ్ ఎవరైనా ఫరవాలేదు అన్నాడు."

ఆమెకు ఆ ఫోన్ గుర్తొచ్చింది. రాజమండ్రిలో ఉన్న చెల్లెలు కమలకుమారి తన కూతురి గురించి ఏదో చెప్పి బాధపడుతుంటే, దాన్ని ఊరడించడానికి అన్న మాట. పిండి కలుపుతూ, ఫోన్ భుజానికి నొక్కిపెట్టుకుని అన్న మాట. ఎవరైనా అంటారు అలాంటి మాట. అయినా ఆ బస్సులో కూర్చుని ఆమె తనకు తాను అబద్ధం చెప్పుకోలేకపోయింది. ఊరడించడానికే అన్నా, అది నిజమే. ఎలియాజరు షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆమె పడుకుంటుంది. అతను లేచేసరికి ఆమె బస్సు మీద ఉంటుంది. ఆ మధ్యలో ఇంట్లో చప్పుడు చేసే మనిషి వాడొక్కడే.

"కాల్గరీలో ఆ చోటు ఇంకా ఉందా?" అని అడిగింది.

"సోమవారం దాకా ఉంచమని నేను అడిగాను. సంతకం పెట్టినవాడు జట్టు మారితే మామూలుగా ఏడాది ఆడనివ్వరు. నార్త్‌గేట్ వాళ్ళు వదిలితే వాడు అలా బయట కూర్చోనక్కర్లేకుండా వచ్చేయొచ్చు. కానీ నేనడిగితే రాడు. మీరు వెళ్ళమనాలి. వాడు నమ్మేలాగా అనాలి."

అతను లేచాడు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "బావగారికి…" అని మొదలుపెట్టి, ఎలా పూర్తి చెయ్యాలో తెలియక ఆపేశాడు.

"నేను చెప్తాలే," అంది జ్ఞానవతి. ఆ 'లే'లో పాత నువ్వు కొంచెం తిరిగొచ్చింది. అది క్షమించడం కాదు. అలసిపోవడం. అతనికీ ఆ తేడా తెలిసినట్టే ఉంది. దిగి బురదలో నడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్ళాడు.

ఇంటికి వెళ్తూ ఆమె దారి పొడవునా ఒకటే మాట అనుకుంటూ వెళ్ళింది. వెళ్ళు నాన్నా. నాకేం కాదు. ఎలా అంటే వాడు నమ్ముతాడు? నవ్వుతూ అంటే పట్టేస్తాడు. కసురుతూ అంటే బాధపడతాడు. మామూలుగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అనాలి. సిగ్నల్ దగ్గర ఆగి ఒకసారి పైకి అని చూసుకుంది. తన గొంతు తనకే నచ్చలేదు.

ఆరన్ వంటింట్లో ఉన్నాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, నిలబడే పాలు తాగుతున్నాడు. ఆమె చలికోటు విప్పి, చేతులు కడుక్కుని, కూరగాయల బుట్ట ముందుకు లాక్కుంది.

"శేషగిరి వచ్చాడు యార్డుకి," అంది.

వాడు పాల డబ్బా కిందపెట్టాడు. "ఓకే."

"అంతా చెప్పాడు. పార్కింగ్‌లో నీతో ఏమన్నాడో. నువ్వేమన్నావో."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు దొంగతనంగా కేకు తిని దొరికిపోయినప్పుడూ అంతే. ఇంత శరీరం పెరిగినా చెవులు మారలేదు. "హీ ప్రామిస్డ్," అన్నాడు మెల్లగా.

"చెప్పడం మంచిదే అయింది. ఇట్రా. ఇలా కూర్చో." వాడు కూర్చున్నాడు. ఆమె బెండకాయలు తుడుస్తూ, తల ఎత్తకుండా, దారంతా కూడబెట్టుకున్నది అనేసింది. "నేను ఫోన్లో వంద అంటాను రా. పిన్నితో మాట్లాడితే అలాంటివే వస్తాయి. దాని కోసం నువ్వు నీ ఆట మార్చుకుంటావా? సోమవారం దాకా చోటు ఉందట. వెళ్ళు. నాకేం కాదు. నాన్నున్నారు, చర్చి ఉంది, కింద నిఖిల వాళ్ళున్నారు."

ఆరన్ ఆమె చేతుల కేసి చూస్తున్నాడు. తుడిచిన బెండకాయనే ఆమె మళ్ళీ తుడుస్తోంది.

"డూ యూ మీన్ ఇట్?"

"అబద్ధమెందుకు చెప్తాను?"

"మామ్. లుక్ ఎట్ మీ."

ఆమె తలెత్తింది. అప్పుడిక గొంతు ఎలా ఉండాలో, మొహం ఎలా ఉండాలో ఏమీ గుర్తులేదు. "నువ్వు లేకపోతే నాకు కష్టంగానే ఉంటుంది," అంది. "మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. అయినా వెళ్ళమనే అంటున్నా. రెండూ నిజమే."

వాడు రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. ఈ వారంలో మొదటిసారి వాడి కళ్ళల్లో తడి కనిపించింది. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని వాడి భుజం మీద చెయ్యి వేసింది. ఇంక ఇది తేలిపోయింది అనుకుంది. ఎలియాజరు రాగానే చెప్పాలి. శేషగిరికి ఫోన్ చెయ్యాలి.

"ఇట్స్ టూ లేట్," అన్నాడు ఆరన్.

"సోమవారం దాకా ఉందన్నాడు కదా."

వాడు తల అడ్డంగా ఊపాడు. వాడి తెలుగు చిన్నచిన్న ముక్కలుగా వస్తుంది, మరీ ముఖ్యమైనది చెప్పాల్సినప్పుడే వస్తుంది. "ఇవాళ లంచ్‌లో నేనే కాల్ చేశాను. కాల్గరీ హెడ్ కోచ్‌కి. రాను అని చెప్పేశాను. మళ్ళీ అడగొద్దు అన్నాను. వాళ్ళు ఇంకొకళ్ళకి ఇచ్చేశారు, ఆ స్పాట్. కోచ్ శేష్‌కి తెలీదు ఇంకా."

జ్ఞానవతి చెయ్యి వాడి భుజం మీదే ఉండిపోయింది. తను యార్డులో చీపురు పట్టుకుని కూర్చుని ఉన్న వేళకి అంతా అయిపోయిందన్నమాట.

"అయితే నార్త్‌గేటే," అంది. "ఏం పోయింది. కొత్త కోచ్ అయితే మాత్రం ఏం. నిన్ను చూస్తే ఆయనా వదలడు."

"యా," అన్నాడు ఆరన్. కొంచెం నవ్వాడు కూడా.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. ఆరన్ ఫోన్ కాదు, ఆమెది. తెలియని నంబరు. చేతులు తుడుచుకుని ఎత్తింది. అవతలి గొంతు పెద్దవాడిది, చాలా మర్యాదగా ఉంది. నార్త్‌గేట్ హెడ్ కోచ్‌నని చెప్పుకున్నాడు. ఆరన్ పక్కన ఉన్నాడా అని అడిగాడు. ఉంటే, కాస్త పక్కకి వెళ్ళి మాట్లాడగలరా, ఇది పేరెంట్స్‌తో మాట్లాడాల్సిన విషయం అన్నాడు.

జ్ఞానవతి ఫోన్‌కి చెయ్యి అడ్డంపెట్టి, నువ్వు కాసేపు పైకి వెళ్ళు అన్నట్టు కొడుక్కి సైగ చేసింది.

ఆరన్ కదల్లేదు.